ఇరువదియెనిమిది సంవత్సరముల ప్రతిపక్షము

అధికారమందున్నవారిని కీర్తించుట లోకమునకు సులభము. అధికారము చేజాఱిన పిదప దీర్ఘకాలము ప్రతిపక్షమున నిలిచి, ప్రజల విశ్వాసమును గోల్పోనివాని చరిత్రమే రాజకీయజ్ఞులకు మేలైన పాఠమని మా యభిప్రాయము. గయానా నాయకుడగు ఛేదీ జగన్ చరిత్రము అట్టిది.

గయానా దక్షిణ అమెరికాఖండమున నున్నను కరీబియను దేశములలో నొకటిగనే యెన్నబడుచున్నది. 1838 మొదలు 1917 వఱకు మన దేశమునుండి రెండులక్షలకు పైగా కూలీలు ఒడంబడికపై నచ్చటి చెఱకుతోటలకు గొనిపోబడిరి. చెన్నపట్టణపు రేవునుండి పోయినవారిలో తెలుగువారును గలరు. జగన్ తలిదండ్రులు ఉత్తరహిందూస్థానమందలి బస్తీజిల్లానుండి బాల్యముననే తల్లులతో నోడ నెక్కినవారు. 1918లో తోటకూలీల నడుమ బుట్టిన జగన్ అమెరికాలో దంతవైద్యము నభ్యసించి, 1943లో స్వదేశము జేరి, 1947లో శాసనసభ్యుడయ్యెను. 1948లో ఎన్మోర్ తోటయొద్ద పోలీసుల కాల్పులకు ఐదుగురు కూలీలు బలికాగా, తన జీవితము నా కూలీల విమోచనమునకే యర్పించెను.

ఆఫ్రికాసంతతివాడగు ఫోర్బ్స్ బర్నామ్‌తో గూడి 1950లో జగన్ స్థాపించిన ప్రజాప్రగతిపక్షము, 1953 ఎన్నికలలో 24 స్థానములకు 18 గెలిచినది. 133 దినములకే ఆంగ్లప్రభుత్వము సేనలను దింపి రాజ్యాంగమును నిలుపుచేసెను. మఱుసటియేట జగన్ కారాగృహము జేరెను. 1955లో మిత్రులిరువురును విడిపోయిరి. ఆ చీలికయే క్రమముగ భారతసంతతికిని ఆఫ్రికాసంతతికిని నడుమ వైరముగ బరిణమించినది.

1957లోను 1961లోను జగన్ మరల గెలిచెను. కాని 1963లో లండను సమావేశమున, ఎన్నికల విధానమును వలసమంత్రి నిర్ణయమునకు వదలుచు తక్కిన నాయకులతోపాటు తానును సంతకము చేసెను. ప్రత్యర్థికే తీర్పరిపదవి నిచ్చుట ఘోరమైన పొరపాటు. వలసమంత్రి విధానమును మార్చెను. 1964లో జగన్ పక్షమునకు 53లో 24 స్థానములు వచ్చి, అన్ని పక్షములకంటె మిన్నగ నున్నను, 22 గల బర్నామ్ 7 గల మఱియొక పక్షముతో గలసి ప్రభుత్వము నేర్పఱచెను.

1966లో స్వాతంత్ర్యము వచ్చినది గాని వోటునకు స్వాతంత్ర్యము రాలేదు. 1968లో విదేశవాసుల పట్టికలలో లేనివారు వోటర్లైరి. 1973లో సైన్యము వోటుపెట్టెలను గొనిపోవుచుండ, అడ్డగించిన యిరువురు కాల్పులలో మరణించిరి. ఇంతటి యన్యాయమునకును జగన్ దేశమును వీడలేదు, ఆయుధము బట్టలేదు. కొంతకాలము శాసనసభను బహిష్కరించి, మరల బ్రవేశించెను. పత్రికద్వారమునను తోటలలోను దన వాదమును వినిపించుచునే యుండెను.

తుదకు 1992 అక్టోబరు 5న, మాజీ అమెరికా అధ్యక్షుడు కార్టరు మొదలగువారి పర్యవేక్షణమున నెన్నికలు జరిగెను. వోట్లను పోలింగుస్థానముననే లెక్కించుట కంగీకారము గుదిరినది. ఆ యొక్క మార్పే జగనును అధ్యక్షపీఠ మెక్కించినది. 1997 మార్చి 6న ఆ పదవియందుండగనే యాతడు మరణించెను.

జగన్ మార్క్సు సిద్ధాంతమునెడ జూపిన బాహాటమైన యభిమానము విరోధుల కాయుధమయ్యెననుటయు, జాతివైరమును రూపుమాపలేకపోయెననుటయు సత్యమే. అయినను ప్రతిపక్షధర్మమును యాతడు చక్కగ జూపెను. వోటు వేసి యింటికి బోవుటతో పౌరుని విధి తీరదు. పెట్టె యెవరి చేతిలో నున్నదో, లెక్క యెవరి యెదుట జరుగుచున్నదో విచారింపని ప్రజలకు వోటుహక్కు పేరునకు మాత్రమే మిగులును.