వేసవి చుట్టాలకు దారి చూపేదెవరు?

వేసవి సెలవులు వచ్చాయంటే బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురంలోని మన ఇళ్లలో రాత్రిపూట నాలుగు చాపలు ఎక్కువ పరవాల్సిందే. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, విశాఖ నుంచి చుట్టాలు దిగుతారు. పనసపండ్లు, కబుర్లు రెండు రోజులకు అయిపోతాయి. మూడో రోజు పిల్లలు ‘ఇక్కడ చూడ్డానికి ఏముంది?’ అని అడుగుతారు. గంజాం జిల్లాలో అయితే మనం చెప్పేది ఒక్కటే.. గోపాలపురం బీచి. మే నెలలో మిట్టమధ్యాహ్నం ఆ ఇసకలో నిలబడితే మన సలహా ఏపాటిదో వాళ్లకే తెలుస్తుంది.

ఒడిశాలో కొత్తగా ఏమీ చేయలేదని అనలేం. 2019లో కోణార్క్ దగ్గర మొదలైన ‘ఎకో రిట్రీట్’ గుడారాలను పర్యాటక శాఖ ఆ తర్వాత మన వైపూ తెచ్చింది. కొండల మీద దరింగిబాడిలో వేశారు. కొరాపుట్ జిల్లా పుట్‌సిల్‌లో వేశారు. ఇచ్ఛాపురానికి దగ్గర్లోనే ఉన్న సోనాపూర్ బీచిలోనూ వేశారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. కానీ అది చలికాలపు ముచ్చట. ఎండలు ముదిరేలోగా గుడారాలు ఎత్తేస్తారు. పైగా ఒక్క రాత్రి అద్దె మధ్యతరగతి ఇంటి నెల కిరాణా లెక్కకు దగ్గరగా ఉంటుంది. బడులు మూసి, నలుగురూ కదిలే ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ‘మీ తిప్పలు మీరు పడండి’ అన్నట్టే ఉంటుంది వ్యవహారం.

ఎండ సంగతి తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు. 1998 వేసవిలో వడదెబ్బకు ఈ రాష్ట్రంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఆ దెబ్బతోనే ప్రభుత్వం వడగాలుల మీద ముందస్తు హెచ్చరికలు, ఏర్పాట్లు నేర్చుకుంది. కాబట్టి వేసవి విహారం అంటే వేళ చూసుకుని చేసేది. తెల్లవారుజామున కొండ ఎక్కాలి, సాయంత్రం ఊళ్లో తిరగాలి, మధ్యాహ్నం నీడపట్టున కూర్చోవాలి. అలా చూస్తే దక్షిణ ఒడిశాకు ఉన్నన్ని సదుపాయాలు మైదాన జిల్లాలకు లేవు. చెప్పేవాళ్లు లేరంతే.

కొరాపుట్‌నే తీసుకోండి. 2017లో అద్దాల బోగీ వేశాక విశాఖ నుంచి అరకు రైలుకు ఎంత గిరాకీ వచ్చిందో అందరం చూశాం. టికెట్టు దొరకడమే గొప్పయిపోయింది. అరకులో దిగి, బొంగులో చికెన్ తిని, అటు నుంచి అటే వెనక్కి వెళ్లిపోతారు. అదే కిరండూల్ లైను మీద ఇంకాస్త ముందుకొస్తే కొరాపుట్ పీఠభూమి. ఊరే మూడు వేల అడుగులకు కాస్త తక్కువ ఎత్తులో ఉంది. మే నెలలోనూ రాత్రి దుప్పటి వెతుక్కోవాలి. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన దేవమాలి శిఖరం ఈ జిల్లాలోనిదే, 1,672 మీటర్లు. పైదాకా రోడ్డుంది. చెట్టు నీడ మాత్రం లేదు, గడ్డి కొండలు. అందుకని సూర్యోదయానికి అక్కడుండి, ఎండ ఎక్కేలోగా దిగిపోవాలి. కొలాబ్ జలాశయం ఒడ్డున సాయంత్రం గడపొచ్చు. సంతలో కాలాజీరా బియ్యం కొనుక్కోవచ్చు, చిన్న గింజ, వండితే ఇల్లంతా వాసన. ఈ జిల్లా రైతులు తరతరాలుగా కాపాడుకొచ్చిన వ్యవసాయ పద్ధతులను ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఆ సంగతి జయపురంలో ఉన్న మనలోనే ఎందరికి తెలుసు?

ఒక్క జాగ్రత్త. జలపాతం అనే మాట విని వేసవిలో చుట్టాలను డుడుమాకి తీసుకెళ్లకండి. మాచ్‌ఖండ్ నీళ్లు విద్యుత్ కేంద్రానికి మళ్లిపోతాయి. 1955 నుంచి నడుస్తున్న ఆ కేంద్రం ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి సొత్తు. మన ఫ్యాను తిరగడానికి జలపాతం ఎండుతుందన్నమాట. మే నెలలో వెళ్తే రాతి గోడను చూసి రావాలి. అది వానలు పడ్డాక చూడాల్సిన చోటు. పర్యాటక పుస్తకాలు మాత్రం అన్ని కాలాలకూ ఒకే ఫొటో వేస్తాయి.

ఇక పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు, సవర గూడేలకు వెళ్లి వాళ్ల భాష నేర్చుకుని నిఘంటువు రాసిన ఊరు. 1936లో పర్లాకిమిడి కొత్త ఒడిశాలో కలిసినప్పుడు ఆ మనస్తాపంతోనే ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అంటూ దండలు వేసే ఆంధ్రా పిల్లల్లో ఈ ఊరి వీధుల్లో నడిచినవాళ్లు ఎందరు? రావడం కష్టమేమీ కాదు. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు 2004లో ఆగిపోయినా, నౌపడ నుంచి గుణుపురం దాకా పెద్ద లైను 2011కల్లా వచ్చేసింది. రాజావారి కోట, ఆ పైన 1,501 మీటర్ల మహేంద్రగిరి, కొండ మీద పాండవుల పేర్లతో పిలిచే పాత రాతి గుళ్లు. 2022లో మహేంద్రగిరిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు కూడా. ఇదే గజపతి జిల్లాలో చంద్రగిరి దగ్గర జీరంగ్‌లో టిబెటన్ల పెద్ద బౌద్ధ విహారం ఉంది, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. చుట్టూ మొక్కజొన్న పొలాలు, మధ్యలో ఎర్రని దుస్తుల పిల్ల సన్యాసులు. ఎక్కడో హిమాలయాల్లో ఉన్నట్టుంటుంది.

సముద్రం వైపు కూడా వేసవికి తగ్గవి లేకపోలేదు. ఋషికుల్యా నది కలిసేచోట ఫిబ్రవరి, మార్చిల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. 2023లోనూ 2025లోనూ ఆరు లక్షలకు పైగా వచ్చాయి. కొన్నేళ్లు రానే రావు, అది వాటి ఇష్టం. వచ్చిన ఏడాది నెలన్నర, రెండు నెలలకు ఇసక కదిలి పిల్లలు బయటికొస్తాయి. సరిగ్గా సెలవుల కాలం. కానీ సెల్‌ఫోను లైటు వేస్తే అవి సముద్రం అనుకుని ఇటు నడిచి చస్తాయి. ఆ మాట నచ్చజెప్పే మనిషి పక్కన లేకపోతే జనాన్ని అక్కడికి పంపకపోవడమే మేలు. బరంపురంలో రెండేళ్లకోసారి చైత్రంలో జరిగే బుడి ఠాకురాణి యాత్ర అయితే అసలు ఎండలకోసమే పుట్టినట్టుంటుంది. సందడంతా పొద్దుగూకాకే. నెత్తిన ఘటాలతో ఆడవాళ్లు, పులివేషాలు, దేవతల వేషాలు, అర్ధరాత్రి దాకా వీధులు నిండి ఉంటాయి. ఇచ్ఛాపురం నుంచి పాతిక కిలోమీటర్లు. పైడితల్లి పండగ గురించి ఇక్కడ మనకు తెలిసినంత ఈ యాత్ర గురించి అక్కడివాళ్లకు తెలియదు.

మల్కన్‌గిరి వైపు మార్పు మరీ పెద్దది. 2008 జూన్‌లో బలిమెల జలాశయంలో గ్రేహౌండ్స్ లాంచీ మీద మావోయిస్టులు దాడి చేసి ముప్పై మందికి పైగా ప్రాణాలు తీసిన సంగతి ఆంధ్రాలో ఎవరూ మరచిపోలేదు. ఆ పేరు వింటేనే గుండె ఝల్లుమనేది. 2018లో జాన్‌బాయి దగ్గర గురుప్రియ వంతెన తెరిచాక, నీళ్లమధ్య దశాబ్దాలపాటు తెగిపోయి ఉన్న పల్లెలకు బండి వెళ్తోంది. ఇప్పుడు ఆ వంతెన మీద నిలబడి ఫొటోలు దిగుతున్నారు.

ఇన్ని ఉన్నాయి కదా. అయితే చుట్టాలకు వీటిని చూపించేదెవరు అన్నదే నా ప్రశ్న. బోర్డులు ఒడియాలో, ఇంగ్లిషులో ఉంటాయి. టెక్కలి నుంచి బండి కట్టుకుని వచ్చిన రైతుకు రెండూ రావు. నీళ్లెక్కడ దొరుకుతాయో, ఆఖరి బస్సు ఎప్పుడో, ఏ మలుపు దగ్గర జాగ్రత్తో అతనికి చెప్పేవాడు లేడు. పూరీ వెళ్లి చూడండి, పండాలు తెలుగు గడగడా మాట్లాడతారు. వాళ్లకు ఏ బడిలోనూ ఎవరూ నేర్పలేదు. గోదావరి జిల్లాల యాత్రికుడు నేర్పాడు, అతని దక్షిణ నేర్పింది. మనకు ఆ భాష ఉగ్గుపాలతోనే వచ్చింది. అయినా పూట గడుస్తోందా? గంజాం కుర్రాళ్లు ఇప్పటికీ సూరత్ మరమగ్గాలకు రైలెక్కుతూనే ఉన్నారు. 2020 లాక్‌డౌన్‌లో వాళ్లు తిరిగొచ్చిన తీరు కళ్లతో చూశాం. పనులు తెరుచుకోగానే మళ్లీ ఆ రైలే ఎక్కారు.

మన తెలుగు బడుల గతి చెప్పుకుంటే సిగ్గేస్తుంది. పిల్లలు పలచబడ్డారు, కొన్నిచోట్ల మాస్టార్లు లేరు. ‘తెలుగు చదివి ఏం చేస్తాడండీ’ అని తల్లిదండ్రులు అడిగితే సంఘాల పెద్దలం సంస్కృతి, వారసత్వం అంటూ ఉపన్యాసం ఇస్తాం. వాళ్లు అడిగింది అది కాదు, తిండి గురించి. పర్లాకిమిడిలో ఒక కుర్రాడు ఒడియా, తెలుగు రెండూ చదవగలిగి, కొండ దారి తెలిసి, వేసవి రెండు నెలలు చుట్టుపక్కల చూపించి నాలుగు రూపాయలు తెచ్చుకుంటే, ఆ తల్లికి జవాబు దొరికినట్టే. చిల్కా ఒడ్డున మంగళాజోడిలో ఒకప్పుడు పిట్టలు కొట్టినవాళ్లే ఇవాళ పడవల్లో యాత్రికులకు అవే పిట్టలను చూపించి బతుకుతున్నారు. వాళ్లది చలికాలపు పని. మనవాళ్లకు వేసవి పని దొరకాలి.

ఇది ఒడియాతో పోటీ అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఈ గడ్డ మీద పై వరస ఒడియాదే, దాన్ని ఎవరూ కాదనరు. అడిగేదల్లా కింద ఇంకో వరస. తిరుమలలో తెలుగు పక్కన తమిళం, కన్నడం, హిందీ రాస్తే తెలుగుకు ఏమీ తగ్గలేదే? దేవమాలి, మహేంద్రగిరి, జీరంగ్, గోపాలపురం, రంభ.. ఈ ఐదు చోట్ల తెలుగు వరస పెట్టమని పర్యాటక శాఖను అడగాలి. గైడ్ల శిక్షణలో తెలుగు చదవగలవారికి కొన్ని సీట్లు అడగాలి. పర్లాకిమిడి, కొరాపుట్ బస్టాండ్ల నుంచి సెలవుల్లో తెల్లవారుజాము బస్సు ఒక్కటి అడగాలి.

అడిగేటప్పుడు ఒక షరతు మనమే పెట్టుకోవాలి. ఒనుకుడెల్లి గురువారం సంతకు వచ్చే బొండా ఆడవాళ్లను చూపించి డబ్బులు చేసుకునే దళారుల పని మనకొద్దు. సంతకు వాళ్లు ఉప్పు, బియ్యం కొనుక్కోవడానికి వస్తారు, కెమెరా ముందు నిలబడటానికి కాదు. పూసలు, పేర్లు చెప్పి బేరాలాడే బండ్లు విశాఖ నుంచీ వస్తున్నాయి, మనకు తెలుసు.

అన్నిటికీ భువనేశ్వర్ వైపు చూడక్కర్లేదు. మన సంఘాలు ఉగాదికి శాలువాలకు, జ్ఞాపికలకు పెట్టే ఖర్చులో సగం చాలు, రెండు మడతల కరపత్రం ఒకటి వేయించడానికి. ఏ నెలలో ఎక్కడికి వెళ్లాలి, ఎన్ని గంటలకు బయల్దేరాలి, ఎక్కడ భోజనం దొరుకుతుంది, ఎక్కడ లైటు వేయకూడదు. పలాస, ఇచ్ఛాపురం, సాలూరు, అరకు బస్టాండ్లలో పంచితే సరి. కరపత్రం కింద అచ్చు వేయించిన ప్రెస్సు పేరు, సంఘం అధ్యక్షుడి ఫొటో కాకుండా, దారి చూపించగల ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ల ఫోన్ నంబర్లు ఉండాలి.