నామగోత్రాలు లేని వాక్యం ప్రమాణమా?

పాడేరు కొండలలో పుట్టిన మత్స్యగెడ్డ పెదబయలు, ముంచింగిపుట్టు మండలాల మీదుగా ప్రవహించి జోలాపుట్ జలాశయాన్ని చేరుతుంది. అచ్చట దానిని మాచ్‌ఖండ్ అంటారు. మరింత దిగువన అదే సీలేరు. మాచ్‌ఖండ్ అనే నామానికి మూలం మత్స్యశబ్దమా, లేక భాగవత దశమస్కంధంలో కాలయవనుని దృష్టిమాత్రంతో భస్మం చేసిన ముచుకుందుడా? ఇది సముచితమైన జిజ్ఞాస. పరిశోధనపత్రానికి యోగ్యమైన విషయం.

కాని ఇట్టి విషయాలపై వెలువడే పత్రాల అధోజ్ఞాపికలలో తరచు కనిపించేది ఏమి? “మూలం: అంతర్జాలం.” “మూలం: గూగుల్.” ఇంతే. అంతర్జాలం గ్రంథం కాదు, గ్రంథాలయం. గూగుల్ గ్రంథకర్త కాదు, దారి చూపే సాధనం. ఒక మాట ఎవరు చెప్పారని అడిగితే ఊరి వైపు చేయి చూపి ఊరకున్నవానికీ, ఈ విధంగా ఆధారం చూపినవానికీ భేదం లేదు.

దీని ఫలం స్వల్పం కాదు. రాజస్థాన్‌లోని ధోల్‌పూర్ వద్ద మచ్‌కుండ్ అనే తీర్థముంది. ముచుకుందుని కథ అచ్చట స్థలపురాణంగా ప్రసిద్ధం. పేరు సాదృశ్యం వల్ల వెతికినవాని ఎదుట ఆ తీర్థవృత్తాంతం, ఈ నదీవృత్తాంతం కలిసి నిలుస్తాయి. అజాగ్రత్తగా వ్రాసేవాడు అచ్చటి కథను ఎత్తి ఇచ్చటి నదికి కట్టబెడతాడు. పుట పేరు, చిరునామా పూర్తిగా వ్రాసి ఉంటే పరీక్షకుడు క్షణంలో ఆ భ్రమను గుర్తించగలడు. “అంతర్జాలం” అని మాత్రమే వ్రాస్తే భ్రమ ముద్రితమవుతుంది. మరుసటి పత్రం దానిని ఉదహరిస్తుంది. మూడవ పత్రం ఆ రెంటినీ చూపి “పండితసమ్మతం” అంటుంది. రజ్జువు సర్పమైనది ఇట్లే.

న్యాయశాస్త్రం ఈ దోషాన్ని ఏనాడో విమర్శించింది. మొదట పలికినవారెవరో తెలియక పరంపరగా వినవచ్చే వాక్యాన్ని ఐతిహ్యం అంటారు. మర్రిచెట్టులోని యక్షుని ముచ్చట దానికి శాస్త్రప్రసిద్ధమైన దృష్టాంతం. పౌరాణికులు ఐతిహ్యాన్ని ప్రత్యేక ప్రమాణంగా గ్రహించగా, నైయాయికులు నిరాకరించారు. వక్త ఆప్తుడని నిశ్చయమైతే అది శబ్దప్రమాణంలోనే అంతర్భవిస్తుంది. కాకపోతే అది ప్రమాణమే కాదు. కర్త, కాలం, ఆధారం తెలియని వెబ్‌పేజీ ఈ యుగపు మర్రిచెట్టు యక్షుడు.

ఇచ్చట ఒక పూర్వపక్షం లేవనెత్తుతారు. “వేదం అపౌరుషేయం కదా. దానికి లేని కర్త వెబ్‌పేజీకి ఎందుకు?” ఈ ఆక్షేపం నిలువదు. వేదమంత్రానికి కర్త లేకున్నా ఋషి, ఛందస్సు, దేవత స్మరింపబడుతూనే ఉన్నారు. పదపాఠం, క్రమపాఠం, జట, ఘన అక్షరం చెదరకుండా దానిని కాపాడాయి. బృహదారణ్యకోపనిషత్తు మధుకాండ, యాజ్ఞవల్క్యకాండ, ఖిలకాండ మూడింటి అంతంలోనూ ఆచార్యవంశాన్ని పేర్లతో సహా చెబుతుంది. విద్య ఎవరి నుండి ఎవరికి వచ్చిందో చెప్పడం ఈ దేశానికి పాశ్చాత్యులు నేర్పిన మర్యాద కాదు. ఇక వెబ్‌పేజీయో, నిన్నటి పాఠం నేడు ఉండదు. నేటి పుట రేపు మాయమవుతుంది. స్థిరమైన వేదానికే ఇంత రక్షణ ఉండగా, చంచలమైన పుటకు ఎంత ఉండాలి?

కావున విధి స్పష్టం. రచయిత లేదా సంస్థ పేరు, వ్యాసశీర్షిక, వెబ్‌సైటు పేరు, ప్రచురణ తేదీ, సంపూర్ణమైన చిరునామా వ్రాయాలి. డీఓఐ సంఖ్య ఉంటే చిరునామాకు బదులు దానినే ఇవ్వాలి. పుట స్థానం మారినా ఆ సంఖ్య మారదు. తరచు మారే పుట అయితే చూచిన తేదీ తప్పనిసరి. వికీపీడియాలో ప్రతి కూర్పుకూ శాశ్వత లింకు ఉంటుంది. ఉదహరించవలసివస్తే దానినే చూపాలి. అంతకన్నా మేలు, ఆ వ్యాసం చూపిన మూలగ్రంథాన్ని స్వయంగా చదవడం. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పుట ప్రతిని భద్రపరచి ఆ లింకును కూడా జోడించవచ్చు. సిగ్నల్ కోసం కొండ ఎక్కవలసిన పల్లెలలో పనిచేసే విద్యార్థికి ఇది మరింత అవసరం. ఒకసారి దొరికిన పుట మరల దొరుకుతుందన్న నమ్మకం లేదు.

మరొక దోషం సూక్ష్మమైనది. డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రచించిన విశాఖపట్టణం జిల్లా గెజిటీర్ 1907లో ముద్రితమైంది. దాని స్కాన్ ప్రతి నేడు అంతర్జాలంలో లభిస్తుంది. దానిని చదివినవాడు లింకును మాత్రమే ఇస్తే, 1907 నాటి వలసపాలనాధికారి దృష్టి నేటి సత్యంగా చలామణి అవుతుంది. కర్త, సంవత్సరం, పుటసంఖ్య, స్కాన్ దొరికిన చోటు నాలుగూ చెప్పాలి. గెజిటీర్‌ను మరొకరి వ్యాసంలో మాత్రమే చూచినవాడు ఆ వ్యాసాన్నే పేర్కొనాలి. చూడని గ్రంథాన్ని చూచినట్లు వ్రాయడం అనృతమే. అంకెలదీ ఇదే గతి. 1955లో ప్రారంభమైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం ఒకచోట 114.75 మెగావాట్లు, మరొకచోట 120 మెగావాట్లుగా కనిపిస్తుంది. ఏ పత్రం, ఏ సంవత్సరం అనే విషయం లేనినాడు రెండు అంకెలూ అనుపయుక్తాలే.

“ఆదివాసుల జ్ఞానం మౌఖికం, దానికి లింకు ఎక్కడిది?” అనేది రెండవ పూర్వపక్షం. ఇది ఉదాహరణధర్మానికి బాధకం కాదు, సాధకమే. పొరజ, గదబ, బగత, కొండదొర పెద్దలలో ఎవరు చెప్పారో వారి అనుమతితో పేరు, గ్రామం, తేదీ, మాట్లాడిన భాష వ్రాయవచ్చు. ఎదుట కూర్చుని నది కథ చెప్పిన అవ్వ పేరు విడిచి, ఆ నదిని ఎన్నడూ చూడని అజ్ఞాత వెబ్‌పేజీని ఆప్తవాక్యంగా నిలిపేవాడు చేస్తున్నది పాండిత్యం కాదు, ఋణాపలాపం.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. అది లేని గ్రంథానికి పేరు పెడుతుంది, లేని పుటకు సంఖ్య ఇస్తుంది. 2023లో న్యూయార్క్‌లో న్యాయవాదులు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను న్యాయస్థానంలో ఉదహరించి 5,000 డాలర్ల జరిమానా పొందారు. ఆ తీర్పులు నిజంగా ఉన్నవో లేవో వారు సరిచూడలేదు. యూజీసీ 2018 నిబంధనలు గ్రంథచౌర్యాన్ని సాదృశ్యశాతంతో కొలుస్తాయి. ఆ కొలత అక్షరాల పోలికను పట్టగలదు, ఆధారపు సత్యాన్ని పట్టలేదు. శాతం తగ్గిందని సంతోషించే విద్యార్థి దండనను తప్పించుకున్నాడు గాని, దోషాన్ని కాదు.

ఆంధ్రదేశం గర్వించే కోలాచల మల్లినాథసూరి, నిరాధారమైనది ఏదీ వ్రాయనని వ్యాఖ్యానారంభంలోనే ప్రతిజ్ఞ చేశాడు. తాళపత్రాల కాలంలో, ఒక్క ప్రతికై ఊరూరా తిరగవలసిన కాలంలో చేసిన ప్రతిజ్ఞ అది. వ్రేలి కొనతో మూలాన్ని తెరువగల కాలంలో “గూగుల్” అని వ్రాసి తప్పుకునేవారు ఆయన వారసులమని చెప్పుకోదగరు. మాచ్‌ఖండ్ పేరు మత్స్యం నుండి వచ్చినా, ముచుకుందుని నుండి వచ్చినా నదికి లోటు లేదు. ఆధారం చూపక నిర్ణయించినవానికే లోటు.