గుండెకు నెత్తురెవరు పోస్తారు?

పిల్లలూ! ఒంటినిండా నెత్తురు పంపేది గుండె అని మీకు తెలుసు. మరి గుండెకో? దానికేం, లోపల ఎప్పుడూ నెత్తురే గదా అంటారు మీరు. నిజమే గాని, గుండె గోడ దళసరి కండ. లోపలి నెత్తురు ఆ గోడలో పలచని లోపొరను దాటి అందదు. నూతిలో నీళ్ళున్నంత మాత్రాన పెరట్లో అరటిచెట్టు తడుస్తుందా? కాలువ తియ్యాలి.

ఆ కాలువలే హృదయ ధమనులు. గుండెలోంచి బృహద్ధమని బయలుదేరిన చోటనే ఇవి రెండూ చీలి, గుండెను చుట్టుకుని, కండలోకి దిగుతాయి. మనం ఊరికే కూర్చున్నప్పుడు వీటిలో నిమిషానికి సుమారు పావులీటరు నెత్తురు పారుతుంది.

ఇక్కడొక చిక్కుంది. మీ పిడికిలి గట్టిగా బిగించి, 10 అంకెలు లెక్కపెట్టి, విప్పి చూడండి. అరచెయ్యి పాలిపోయి, మళ్ళీ ఎర్రబడుతుంది. గుండె ముడుచుకున్నప్పుడూ అంతే. దాని కండలోని నాళాలు నలిగిపోతాయి. ఎడమవైపు కింది గదికి నెత్తురు చాలావరకు అది సడలినప్పుడే అందుతుంది. గుండె దడదడ కొట్టుకునే కొద్దీ దాని భోజనపు వేళ తగ్గిపోతుందన్నమాట!

మరి పరుగెత్తినప్పుడో? కాలి కండ అయితే, వచ్చిన నెత్తురులోంచే మరికాస్త ప్రాణవాయువు లాక్కోగలదు. గుండె ఊరికే ఉన్నప్పుడే నూటికి 70 వంతులు తీసేసుకుంటుంది. ఇక మిగిలిన దారి ఒక్కటే, ఎక్కువ నెత్తురు తెప్పించుకోవటం. పని పెరగ్గానే కండలో పుట్టే కొన్ని పదార్థాలు సన్నని నాళాలను వదులు చేస్తాయి. ప్రవాహం నాలుగైదు రెట్లు పెరగగలదు. తూము ఎత్తటానికి మనిషి అక్కరలేదు. దాహమేసిన పొలమే ఎత్తుకుంటుంది!

ప్రాణవాయువు చాలనప్పుడు పుట్టే అడినొసీన్ అటువంటి పదార్థమే. కండకు శక్తినిచ్చే ఎ.టి.పి. విరిగితే ఇది వస్తుంది. ఆ ఎ.టి.పి.ని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు.

హృదయ ధమనిలో కొవ్వు పేరుకుని ఇరుకైతే, దాని కింది సన్ననాళాలు మనం కూర్చున్నప్పుడే తెరుచుకుని సర్దుకుంటాయి. మెట్లెక్కేసరికి తెరవటానికి ఇంకేమీ మిగలదు. ఛాతీ నొక్కేసినట్టవుతుంది, ఆగితే తగ్గుతుంది. తాతగారు మెట్ల మధ్య నిలబడి "ఏమీ లేదురా, ఆయాసం" అంటే, ఆ సంగతి అమ్మకో నాన్నకో చెప్పండి.

ధమని పూర్తిగా మూసుకుపోతే కూర్చున్నా తగ్గదు. సుమారు అరగంటలో కండ చావటం మొదలవుతుంది. వాయునొప్పి అనుకుని వాము నములుతూ కూర్చునే వేళ కాదది. వెంటనే 108కి ఫోను చెయ్యాలి.