ఏ కొండాపూర్ అండీ?

ప్రగతి నగర్‌లో మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు వాళ్లమ్మాయి అమెరికాలో ఉంటుంది. మొన్న సెలవులకి మెక్సికో వెళ్లి, మాయా వాళ్ల పాత నగరాలు చూసొచ్చి ఫొటోలు పంపింది. వాళ్లమ్మగారు ఫోన్ పట్టుకుని ప్రతి ఫ్లాట్‌కీ తిరిగారు. మా వంతూ వచ్చింది. చిచెన్ ఇట్జాలో మెట్ల పిరమిడ్! నాలుగు వైపులా 91 మెట్ల చొప్పున, పైన మరో మెట్టు, మొత్తం 365. ఏడాదికి ఎన్ని రోజులో అన్ని మెట్లన్నమాట. ఆరో తరగతి చదివే మా మనవడు నోరు తెరిచి చూశాడు.

"తాతయ్యా, మన దగ్గర ఇలాంటి పాత సిటీ లేదా?"

"లేకేం, కొండాపూర్ ఉందిగా" అన్నాను.

వాడు పకపకా నవ్వాడు. నవ్వడూ మరి! వాడికి తెలిసిన కొండాపూర్ అంటే వాళ్ల నాన్న ఆఫీసు దారి, బొటానికల్ గార్డెన్, ట్రాఫిక్ జామ్. నేను చెప్పింది ఇంకో కొండాపూర్. సంగారెడ్డి జిల్లాలో ఉంది. హైదరాబాద్ నుంచి 70 కిలోమీటర్లు ఉంటుంది. శాతవాహనుల నాటి పట్నం.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. మావాడు ఫోన్‌లో 'కొండాపూర్' అని కొట్టాడు. జేఎన్‌టీయూ దగ్గర కుడివైపు మియాపూర్ దారి పట్టాల్సింది, తిన్నగా హైటెక్ సిటీ వైపు పోనిచ్చాడు. "ఇటెక్కడికిరా?" అంటే "ఫోన్ చెప్పింది నాన్నా" అన్నాడు. రోజూ ఆఫీసుకెళ్లే దారిలో ఆదివారం కూడా వెళుతున్నానన్న సంగతి అప్పుడు తట్టింది పాపం. బండి వెనక్కి తిప్పి, పటాన్‌చెరు, సంగారెడ్డి మీదుగా వెళ్లాం.

ముందు మ్యూజియం చూశాం. చిన్నదే. అయితే అందులో రాజుల కంటే మామూలు మనుషులే ఎక్కువ కనిపిస్తారు. తెల్లటి సుద్దమట్టితో చేసిన బొమ్మలున్నాయి. వాటి జడలు, కొప్పులు చూసి మా ఆవిడ, "ఇంత ఓపిగ్గా ఎవరు దువ్వేవారో!" అని ఆశ్చర్యపోయింది. గాజు పూసలు, రంగురాళ్ల పూసలు, శంఖంతో చేసినవి. సీసపు నాణేలు. నాణేలు ఎంత విరివిగా దొరికాయంటే, ఇక్కడో టంకసాల ఉండేదని పండితులు భావించారు. రోమన్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం కూడా ఈ తవ్వకాల్లోనే బయటపడింది. ఆ కాలపు డాలరు అనుకోండి. "అయితే వీళ్లకీ ఫారిన్ క్లయింట్లు ఉన్నారన్నమాట" అన్నాడు మావాడు. రెండు కొండాపూర్‌లకీ అక్కడ చుట్టరికం కలిసింది.

తర్వాత ఊరికి దక్షిణాన ఉన్న కోటగడ్డకి వెళ్లాం. 80 ఎకరాల పైన విస్తరించిన దిబ్బ. 1940ల మొదట్లో, గులాం యజ్దానీ డైరెక్టరుగా ఉండగా, నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ దీన్ని తవ్వించింది. బౌద్ధ స్తూపాలు, విహారాలు, ఇళ్లు బయటపడ్డాయి. అన్నీ ఇటుక కట్టడాలే.

మనవడు చుట్టూ చూశాడు. గడ్డి, మట్టి, అక్కడక్కడా ఇటుక వరసలు. "పిరమిడ్ ఏది తాతయ్యా?" వాడి మొహం చిన్నబోయింది.

నిజం చెప్పొద్దూ, నాకూ మనసు చివుక్కుమంది. మాయా వాళ్లది రాతి కట్టడం, నిలిచింది. మనది ఇటుకా మన్నూ, కరిగింది. కరగడం ఒక్కటే కాదు. మన పల్లెల్లో పాటిదిబ్బలుంటాయి. పూర్వం ఊళ్లున్న చోట్లవి. ఆ పాటిమన్ను పొలానికి బలమని బళ్లకెత్తి తోలుకునేవారు. ఎన్ని ఊళ్ల చరిత్ర అలా ఎరువైపోయిందో! అయినా మనల్ని మనమే తిట్టుకోనక్కర్లేదు. 1542లో స్పెయిన్ వాళ్లు మెరీదా నగరం కట్టింది అక్కడి పాత మాయా పట్నం రాళ్లతోనే.

ఇంతలో మనవడి కాలికి ఓ కుండపెంకు తగిలింది. ఎర్రగా, అరచేయంత ఉంది. దాన్ని తుడిచి జేబులో వేసుకోబోయాడు. అక్కడే మేకలు కాస్తున్న పెద్దాయన చూశాడు.

"ఆడ్నే పెట్టు బిడ్డా. నువ్వొకటి, ఇంకొకలొకటి తీస్కపోతే రేపు ఏముంటది ఈడ, మన్నేనాయె."

వాడు బెదిరిపోయి పెట్టేశాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు: "ఆ కుండలో ఏం వండేవాళ్లు తాతా?" పెద్దాయన నవ్వి, "మనం తినేదే బిడ్డా" అన్నాడు.

ఆ మాటతో పెంకు కాస్తా కుండైంది, కుండ ఉన్న చోట వంటిల్లు కనిపించింది. తర్వాత గంటసేపు వాడు మమ్మల్ని కదలనివ్వలేదు. ఇటుక పొడవు జానలతో కొలిచాడు. మా ఇంటి ఇటుకకి రెండింతలు తేలింది. ఇది గది, ఇది వాకిలి అంటూ ఊరంతా తనే కట్టేశాడు. మాయా వాళ్లు మాయమైపోయారని అంటారు గానీ, గ్వాటెమాలాలో, మెక్సికోలో ఇప్పటికీ లక్షల మంది మాయా భాషలే మాట్లాడుతున్నారు. నగరాలు పాడుబడ్డాయి, మనుషులు కాదు. ఇక్కడా అంతేనేమో.

మీరూ వెళ్తారా? శుక్రవారం మ్యూజియానికి సెలవు. మంచినీళ్లు, టోపీ పట్టుకెళ్లండి. ఫోన్‌లో జిల్లా పేరు కూడా కొట్టండి. దొరికిన పెంకు దొరికిన చోటే వదిలేయండి.

సాయంత్రం లిఫ్టులో మూడో అంతస్తావిడ కలిశారు.

"ఎక్కడికెళ్లొచ్చావ్ నాన్నా?" అని మావాణ్ని అడిగారు.

"కొండాపూర్ ఆంటీ!"

"అయ్యో, ఆదివారం పూట ఆ ట్రాఫిక్‌లోకా!" అన్నారావిడ.