కొర్బాను కానుకలు దేవునికి వద్దు

కన్నవారిని చూడని ఉద్యోగుల జీతంలో కోత పెట్టి, ఆ డబ్బును నేరుగా తల్లిదండ్రుల ఖాతాలో వేసేలా చట్టం తెస్తామని తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2025 అక్టోబరులో ప్రకటించారు. గ్రూప్-2 ఉద్యోగాలకు ఎంపికైన యువతకు నియామక పత్రాలు అందిస్తూ చెప్పిన మాట ఇది. నెల జీతంలో 10 నుంచి 15 శాతం కోత ఉంటుందన్నారు. అస్సాం ప్రభుత్వం ఈ పని అంతకుముందే చేసింది. 2017లో చట్టం చేసి, 2018 అక్టోబరు 2 నుంచి అమల్లో పెట్టింది. 2025 జనవరి 2న సుప్రీంకోర్టు కూడా ఇలాంటి వ్యవహారంలోనే ఓ ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. చూసుకుంటానన్న కొడుకుకు మధ్యప్రదేశ్‌లో ఓ తల్లి తన ఆస్తి రాసిచ్చింది. అతను మాట తప్పాడు. ఆ గిఫ్టు డీడు చెల్లదని, ఆస్తిని తిరిగి తల్లికే అప్పగించాలని న్యాయస్థానం తేల్చి చెప్పింది.

కొత్త ఉద్యోగం దొరికిన రోజున యువకులు వినవలసి వచ్చిన హెచ్చరిక అది. సంతోషంగా స్వీట్లు పంచుకునే వేళ, 'అమ్మానాన్నలను వదిలేయకండి' అని ప్రభుత్వం చెప్పవలసిన పరిస్థితి ఎందుకొచ్చింది? అంతకన్నా పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆదివారం ఆరాధన మానని, దశమభాగం తప్పని మన విశ్వాసుల ఇళ్లలో పరిస్థితి వేరుగా ఉందా?

ముందు చట్టం సంగతి చూద్దాం. చాలామందికి పేరు తెలుసు గానీ అందులో ఏముందో తెలియదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోనే వచ్చింది. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు దీని కింద ఆర్డీవో నేతృత్వంలోని ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. లాయరు అవసరం లేదు. నోటీసు ఇచ్చిన 90 రోజుల్లో విచారణ ముగించాలి. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. బాధ్యత కొడుకులదే కాదు, కూతుళ్లదీ, పెద్దవారైన మనవలు, మనవరాళ్లదీ కూడా. వృద్ధులను ఎక్కడైనా వదిలేసి పోతే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చూసుకోవాలనే షరతుతో ఆస్తి రాసిచ్చాక చూడకపోతే ఆ రాతను రద్దు చేయించవచ్చు. కష్టంలో ఉన్న పెద్దలు 14567 అనే నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సాయం అడగవచ్చు. ఈ వివరాలు ప్రతి సంఘంలోని పెద్దవాళ్లకూ తెలియాలి.

దేశంలో 60 ఏళ్లు దాటినవారు 2011 జనాభా లెక్కల ప్రకారమే పది కోట్లకు పైగా ఉన్నారు. దక్షిణాదిలో పిల్లల సంఖ్య తగ్గింది, ఆయుష్షు పెరిగింది. చాలా గ్రామాల్లో పెద్దవాళ్లే మిగిలారని ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2024 అక్టోబరులో ఆందోళన వ్యక్తం చేశారు. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న పాత నిబంధనను ఆ రాష్ట్ర శాసనసభ అదే ఏడాది నవంబరులో తొలగించింది. ఒకప్పుడు పిల్లల్ని తగ్గించుకోమన్న ప్రభుత్వాలే ఇప్పుడు ఇళ్లు ఖాళీ అవుతున్నాయని కలవరపడుతున్నాయి. మన చర్చిల్లో చూసినా అంతే. ముందు వరుసల్లో నెరిసిన తలలు, వెనుక వరుసల్లో ఖాళీ కుర్చీలు. పండుగ ఆరాధన అయిపోగానే ఫోన్‌లో వీడియో కాల్ కోసం ఎదురుచూసే అమ్మలు, నాన్నలు.

చట్టం మంచిదే. కానీ అది కంచంలో అన్నం పెట్టించగలదు, పక్కన కూర్చుని కబుర్లు చెప్పించలేదు. జీతంలో కోత పెట్టగలదు, మాటలోని కఠినత్వాన్ని తగ్గించలేదు. తండ్రినీ తల్లినీ సన్మానించాలన్న అయిదో ఆజ్ఞ (నిర్గమ 20:12) అడిగేది ఆ రెండోదాన్ని. అక్కడ సన్మానానికి వాడిన హెబ్రీ మాటకు మూలం 'బరువు'. తల్లిదండ్రులను బరువుగా భావించమని కాదు, వారికి బరువు ఇవ్వమని. వారి మాటకు, వారి ఇష్టానికి, వారి ఉనికికి విలువ ఇవ్వమని. ఆ ఆజ్ఞను సీనాయి పర్వతం దగ్గర విన్నవారు ఆదివారం బడి పిల్లలు కారు, పెళ్లిళ్లయి పిల్లలున్న పెద్దవాళ్లు. మనమేమో దాన్ని పిల్లలతో కంఠతా పట్టించి, పెద్దవాళ్లమయ్యాక మరచిపోతున్నాం.

కొన్ని ఇళ్లలో తల్లిదండ్రులకు వంతులుంటాయి. మూడు నెలలు పెద్దవాడి ఇంట్లో, మూడు నెలలు చిన్నవాడి ఇంట్లో. గడువు తేదీ వచ్చేసరికి సంచీ సర్దుకుని గుమ్మంలో నిలబడాలి. అన్నానికి లోటుండదు, మందులకూ లోటుండదు. కానీ 'ఇది నా ఇల్లు' అని అనుకునే చోటు మాత్రం ఎక్కడా ఉండదు. చట్టం ముందు ఆ కొడుకులు నిర్దోషులే. అయిదో ఆజ్ఞ ముందు నిర్దోషులా?

యేసుప్రభువు ఈ విషయంలో చాలా కఠినంగా మాట్లాడిన సందర్భం మార్కు సువార్త ఏడో అధ్యాయంలో ఉంది. ఆయన కోప్పడింది దేవుణ్ణి ఎరుగనివారి మీద కాదు, మహా భక్తిపరుల మీద. ఆ రోజుల్లో ఓ ఆచారం ఉండేది. తనకున్నదాన్ని ఎవరైనా 'కొర్బాను' అని ప్రకటిస్తే అది దేవునికి అర్పితమైనట్టే. ఇక దానివల్ల ఇతరులకు మేలు జరగడానికి వీల్లేదు. యెరూషలేము దగ్గర దొరికిన ఓ అస్థికల పెట్టె మూత మీద కూడా ఇలాంటి రాత ఉంది. పెట్టెలో ఉన్నదంతా దేవునికి కొర్బాను, కాబట్టి ఎవరూ దాన్ని వాడుకోకూడదని దాని భావం. చనిపోయినవారి పెట్టెను దొంగల నుంచి కాపాడుకోవడానికి ఆ మాట పనికొచ్చిందంటే అర్థముంది. అదే మాట బతికున్న తల్లిదండ్రుల నుంచి డబ్బు కాపాడుకోవడానికి కూడా పనికొచ్చింది! 'నాన్నా, నీకు ఇవ్వవలసింది దేవునికి ఇచ్చేశాను' అంటే చాలు. శాస్త్రులు కూడా ఆ కొడుకును ఇక తల్లిదండ్రులకు ఏమీ చేయనిచ్చేవారు కారు. దేవుని ఆజ్ఞను ఆచారంతో కొట్టివేస్తున్నారని యేసు వారిని నిలదీశాడు (మార్కు 7:9-13).

ఇది రెండు వేల ఏళ్ల నాటి సంగతి అనుకుంటే పొరపాటు. మందిరానికి ఏసీలు కొనిచ్చి, ఊళ్లో ఉన్న తల్లి కంటి ఆపరేషన్‌ను ఏడాదిపాటు వాయిదా వేసే కొడుకు చేసింది కొర్బానే. ఉజ్జీవ సభలకు లక్షలు ఇచ్చి బ్యానర్ మీద పేరు వేయించుకుని, తండ్రి మందులకు తమ్ముడితో లెక్కలు తేల్చుకునే అన్నది కూడా కొర్బానే. వారంలో అయిదు కూడికలకు వెళ్లి, అత్తగారికి మాత్రం వేళకు అన్నం పెట్టని భక్తి కూడా ఆ కోవలోదే. మనం డబ్బుతోనే కాదు, సమయంతోనూ కొర్బాను చేస్తాం.

ఇందులో సంఘకాపరులకూ పెద్ద బాధ్యత ఉంది. కానుక పెద్దదైనప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిందని అడగడం కష్టమే. కానీ శాస్త్రుల తప్పు సరిగ్గా అక్కడే ఉంది. ఇచ్చినవాణ్ణి మెచ్చుకున్నారు గానీ, అతని ఇంట్లో ఆకలితో ఉన్నది ఎవరో చూడలేదు. 'మీ అమ్మగారు ఎలా ఉన్నారు? ఆమె సంగతి చూసుకుని మిగిలినది తీసుకురండి' అని చెప్పగలిగిన రోజున మన బోధకు బలం వస్తుంది. దానివల్ల కానుకల పెట్టె కొంచెం తేలికైతే కానివ్వండి. తన ఇంటివారిని పోషించనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడని పౌలు రాసింది (1 తిమోతి 5:8) సంఘం బయటివారి గురించి కాదు. అంతకు కొంచెం పైన, పిల్లలూ మనవలూ తమ భక్తిని ముందు ఇంట్లో చూపడం నేర్చుకోవాలని కూడా ఆయన చెప్పాడు.

మన తెలుగు సంఘాల్లో ఇంకొక చిక్కు ఉంది. మొదటి తరం విశ్వాసులు చాలామంది. వారి తల్లిదండ్రులు ఇంకా తమ పాత విశ్వాసంలోనే ఉన్నారు. క్రీస్తు కోసం తండ్రినీ తల్లినీ ద్వేషించాలని లూకా 14:26లో ఉంది కదా అని కొందరు వారికి దూరంగా ఉంటారు. జబ్బు చేసినా చూడబోరు, చనిపోయినా భుజం పట్టరు. కానీ ఆ మాటకు అర్థాన్ని మత్తయి 10:37 స్పష్టం చేస్తోంది. తనకన్నా వారిని ఎక్కువగా ప్రేమించకూడదన్నదే ప్రభువు భావం. మనస్సాక్షి ఒప్పుకోని క్రతువును వినయంగా వద్దనడం వేరు, ఆసుపత్రిలో ఉన్న నాన్న మంచం పక్కన ఓ రాత్రి కూర్చోకపోవడం వేరు. విశ్వాసులైన తల్లిదండ్రులను మాత్రమే సన్మానించమని అయిదో ఆజ్ఞలో లేదు. కొడుకు యేసును నమ్ముకున్నాక ఇంకా బాగా చూసుకుంటున్నాడని ఊరివాళ్లు అనాలి గానీ, నమ్ముకున్నాక తల్లిని వదిలేశాడని అనకూడదు. ఆ మాట వచ్చిందంటే ఆ ఊళ్లో సువార్తకు ద్వారం మూసినవాళ్లం మనమే.

ఇక దూరదేశాల్లో ఉన్న పిల్లల సంగతి. వీరందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. అమెరికా అధ్యక్షుడు ట్రంప్ 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు, ఎవరికి వర్తిస్తుందో తెలియక సెలవుకు వచ్చినవారు హడావిడిగా తిరిగి బయల్దేరారు. ఇంటికి వస్తే మళ్లీ వెళ్లగలమా అన్న భయంతో తండ్రి చివరి చూపును కూడా వదులుకుని ఏడ్చే పిల్లలున్నారు. వారిని నిందించకూడదు, వారికోసం ప్రార్థించాలి. పిల్లల వీసా కోసం ఉపవాసాలు ఉండి, వచ్చాక సాక్ష్యాలు చెప్పించినవాళ్లం కూడా మనమే కదా. పంపడానికి ప్రార్థించిన సంఘం, వెనుక మిగిలినవారిని చూసుకోవద్దా?

దూరాన ఉన్న పిల్లలకు బైబిల్లో ఇద్దరు మాదిరిగా ఉన్నారు. ఒకరు యోసేపు. పరాయి దేశంలో రాజు తర్వాత అంతటివాడయ్యాడు. అయినా తండ్రి కోసం బండ్లు పంపాడు. వాటిని చూశాకే ముసలి యాకోబు ప్రాణం తెప్పరిల్లింది (ఆది 45:27). బండ్లు పంపి ఊరుకోలేదు, రథం సిద్ధం చేసుకుని తానే ఎదురెళ్లి తండ్రి మెడ పట్టుకుని ఏడ్చాడు. తనను ఎక్కడ పాతిపెట్టాలో తండ్రి చెప్పిన కోరికను కూడా తీర్చాడు. రెండో వ్యక్తి దావీదు. సౌలు తరుముతుంటే గుహల్లో దాక్కున్న రోజుల్లో, తన ముసలి తల్లిదండ్రులను తనవెంట తిప్పలేక మోయాబు రాజు దగ్గరకు వెళ్లి, వారిని ఉండనిమ్మని స్వయంగా బతిమాలి అప్పగించాడు (1 సమూయేలు 22:3-4). రాగలిగినవారు యోసేపులా రావాలి. రాలేనివారు దావీదులా నమ్మకమైన ఏర్పాటు చేయాలి. నెలనెలా డబ్బు వేసి చేతులు దులుపుకోవడం ఈ ఇద్దరిలో ఎవరి పద్ధతీ కాదు.

కొన్ని ఇళ్లలో మతిమరుపు వ్యాధి, పక్షవాతం వంటివి వచ్చినప్పుడు ఇంట్లో చూసుకోవడం నిజంగా సాధ్యపడదు. మంచి వృద్ధాశ్రమంలో చేర్పించి, వారం వారం వెళ్లి పలకరించే కూతురు తల్లిని వదిలేసినట్టు కాదు. ఒకే ఇంట్లో ఉంచుకుని వారం రోజులు పలకరించని కొడుకు వదిలేసినట్టే. గోడలు కాదు ముఖ్యం, మనసు. నయోమికి రూతు కోడలు మాత్రమే, రక్తసంబంధం లేదు. అయినా ఏడుగురు కొడుకుల కన్నా ఆమే మేలని బేత్లెహేము స్త్రీలు సాక్ష్యమిచ్చారు (రూతు 4:15). మన కోడళ్లకూ అల్లుళ్లకూ అలాంటి సాక్ష్యం రావాలి. అత్తమామలు కూడా నయోమిలా కోడలి మేలు కోరేవారై ఉంటే ఆ పని ఇంకా సులువవుతుంది.

పిల్లలు లేనివారి మాటేమిటి? ఆదిమ సంఘం విధవరాళ్లకు రోజూ భోజనం పంచింది. అందులో లోటు జరిగిందని ఫిర్యాదు రాగానే ఏడుగురిని ప్రత్యేకంగా నియమించింది (అపొ. కార్యములు 6:1-6). అరవై ఏళ్లు దాటిన విధవరాళ్ల పేర్లు రాసిన పట్టిక పౌలు కాలానికే ఉంది (1 తిమోతి 5:9). మన సంఘాల్లో సభ్యుల జాబితా ఉంది, కానుకల జాబితా ఉంది. ఒంటరిగా ఉంటున్న వృద్ధుల జాబితా ఉందా? నెలకోసారి బీపీ, షుగరు పరీక్ష చేయించడం, బ్యాంకు పనికీ పింఛను పనికీ యవ్వనస్తులు తోడు వెళ్లడం, మంచం పట్టినవారికి ఇంటి దగ్గరే ప్రభుబల్ల ఇవ్వడం... వీటికి కోట్లు అక్కర్లేదు. పెద్ద మందిరం లేని పల్లె సంఘం కూడా చేయగలిగినవే.

లోకపాపాలన్నీ మోస్తున్న ఘడియలో, ఊపిరి తీసుకోవడమే కష్టమైన సిలువ మీద, యేసు కింద నిలబడ్డ తల్లిని చూశాడు. ఆమెకు వేరే కొడుకులున్నారని ఊరుకోలేదు. తాను ప్రేమించిన శిష్యునికి ఆమెను అప్పగించాడు. ఆ శిష్యుడు ఆ గడియ నుంచే ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు (యోహాను 19:26-27). మానవాళి రక్షణ అనే అంత గొప్ప పని కూడా ఆయనకు తల్లిని మరచిపోవడానికి సాకు కాలేదు. మన పరిచర్య, మన ఉద్యోగం, మన కానుకలు అంతకన్నా గొప్పవా?

కోర్టు నోటీసు వస్తే గానీ కదలని కొడుకుగా కాక, క్రీస్తు ప్రేమ బలవంతం చేస్తే కదిలే కొడుకుగా, కూతురుగా ఉండాలి. వచ్చే ఆదివారం కానుక తీసుకుని మందిరానికి బయల్దేరే ముందు ఒక్కసారి ఫోన్ తీసి ఇంటికి మాట్లాడండి. అమ్మ మందులు అయిపోయాయేమో అడగండి. మందిరంలో వేసే కానుక సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.