వణికే కెమెరా

కథలో చెప్పేవాడు ఎవరన్నది ఎంత ముఖ్యమో, సినిమాలో చూసేవాడు ఎవరన్నది అంత ముఖ్యం. ఆ చూసే కన్ను కెమెరా. అది స్టాండుపై నిశ్చలంగా నిలవవచ్చు. పట్టాలపై ట్రాలీతో మెల్లగా సాగవచ్చు. ఛాయాగ్రాహకుని భుజంపై అతని అడుగులతోపాటు కదలవచ్చు. ఈ మూడో పద్ధతినే సినిమావారు ‘హ్యాండ్‌హెల్డ్’ అంటారు. ఇందులో దృశ్యం ఊగుతుంది, అదురుతుంది. ఆ అదురు కథకు ప్రాణం పోయగలదు. అవసరం లేనిచోట చేరితే కథను మింగివేయగలదు.

ఒకప్పుడు కెమెరాలు చాలా బరువుగా ఉండేవి. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో మార్కస్ బార్ట్‌లే చూపిన వెన్నెల సొగసులను తెలుగువారు నేటికీ మెచ్చుకుంటారు. కుదురైన చూపు, వెలుగునీడల పొందిక ఆ సొగసుకు ఆధారాలు. క్రమంగా తేలికపాటి కెమెరాలు వచ్చాయి. యుద్ధరంగంలోనూ, వీధి పోరాటాల్లోనూ వార్తాచిత్రాలు తీసేవారికి స్టాండు నిలిపే తీరిక ఉండదు. వారు పరుగెత్తుతూ తీసిన దృశ్యాలు అదిరేవి. అందువల్ల ‘అదిరే దృశ్యం నిజమైనది’ అనే భావన ప్రేక్షకుల మనసుల్లో నాటుకుపోయింది.

ఈ భావనను కళగా మలచిన వారున్నారు. 1966లో జిల్లో పాంటెకార్వో తీసిన ‘ది బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్’ ఎంత సహజంగా ఉందంటే, ఇందులో అసలైన వార్తాచిత్రం ఒక్క అడుగైనా లేదని అమెరికాలో ప్రదర్శించినప్పుడు ప్రత్యేకంగా ప్రకటించవలసి వచ్చింది. 1998 నాటి ‘సేవింగ్ ప్రైవేట్ రయాన్’లో సముద్రతీరాన సైనికులు కూలిపోతుంటే కెమెరా కూడా వారితోపాటు తడబడుతుంది. అక్కడ అదురు అలంకారం కాదు. అది సైనికుని భయం.

మన తెలుగు సినిమాకూ ఈ ప్రయాణంలో భాగముంది. 1989లో రామ్‌గోపాల్ వర్మ దర్శకత్వంలో, ఎస్. గోపాల్‌రెడ్డి ఛాయాగ్రహణంతో వచ్చిన ‘శివ’లో స్టెడీకామ్‌ను వినియోగించారు. మనిషి నడిచినా, పరుగెత్తినా ఆ కుదుపు దృశ్యానికి తగలకుండా చేసే సాధనమది. అంటే పాత్రల వెంట పరుగెత్తే స్వేచ్ఛ కావాలి, కానీ వణుకు వద్దు అన్న అవసరం నుంచి అది పుట్టింది. అదే దర్శకుడు 2011లో ఫొటోలు తీసే చిన్న కెమెరాలతో, కొద్దిమంది సిబ్బందితో, ఐదు రోజుల్లో ‘దొంగల ముఠా’ను చిత్రీకరించారు. సినిమా తీయాలంటే పెద్ద పెట్టుబడి ఉండాలన్న భయాన్ని ఇటువంటి ప్రయోగాలు తగ్గించాయి. ఇది మెచ్చదగినదే. అయితే కెమెరా తేలికైనంత మాత్రాన దానిని ఊపవలసిన పని లేదు. సాధనం చౌకగా దొరుకుతుంది. ఎక్కడ నిలబడి చూడాలన్న వివేకం మాత్రం సాధనతోనే వస్తుంది.

నిశ్చలత శక్తిని తెలుసుకోవాలంటే బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ని చూడాలి. 1988వ సంవత్సరానికి ఉత్తమ ఛాయాగ్రహణంతో సహా ఐదు జాతీయ పురస్కారాలు పొందిన చిత్రమిది. తెలంగాణ గడీలో నలిగిపోయిన ఒక స్త్రీ కథను ఎ.కె. బీర్ కెమెరా నింపాదిగా, కదలకుండా చూస్తుంది. తప్పించుకునే దారి లేని ఆమె బతుకు ఆ కదలని చూపులోనే మనకు తెలిసివస్తుంది. అక్కడ కెమెరాను ఊపి ఉంటే ఆ వేదన చెదిరిపోయేది.

ఓరుగల్లు విద్యార్థులు ఈ భేదాన్ని తమ ఊరిలోనే గ్రహించవచ్చు. బతుకమ్మ ఆడే స్త్రీల వలయంలో తానూ ఒకరిగా తిరుగుతూ తీస్తే, ఆ ఊపు ఆటకు తగినదే. వలయం మొత్తాన్ని చూపాలంటే మేడపై కెమెరాను కదలకుండా నిలపాలి. పేరిణి తాండవంలో కదలవలసినవాడు నర్తకుడు. కెమెరా కూడా గంతులు వేస్తే అతని అడుగు కనిపించదు. మట్టెవాడ సందుల్లో ఒక పిల్లవాడు ఎవరికో భయపడి పరుగెత్తే దృశ్యానికి అదురు అందాన్నిస్తుంది. కోటలోని కాకతీయుల కీర్తితోరణం ముందు అదే అదురు శిల్పికి అపచారం. శతాబ్దాలుగా నిలిచిన రాయిని వణికించి మనం సాధించేదేమిటి?

నేటి జీవితంలోని వేగాన్ని చూపడానికి ఈ అదురు తప్పదని కొందరి వాదన. కానీ వేగం వేరు, గజిబిజి వేరు. పోరాట దృశ్యంలో ఎవరు ఎవరిని కొట్టారో తెలియనప్పుడు ప్రేక్షకునికి కలిగేది ఉద్వేగం కాదు, చికాకు. సరిగా అమర్చని పోరాటాన్నీ, తేలిపోయిన నటననూ కప్పిపుచ్చడానికి కెమెరాను ఊపడం ఆడలేక మద్దెల ఓడన్నట్లే. పైగా ఇది శరీరానికీ బాధాకరం. కదులుతున్నామని కన్ను చెబుతుంది, కదలడం లేదని లోపలి చెవి చెబుతుంది. ఈ వైరుధ్యం వల్ల కొందరికి తల తిరుగుతుంది, వికారం కలుగుతుంది. 2008లో ‘క్లోవర్‌ఫీల్డ్’ను ప్రదర్శించిన కొన్ని అమెరికా థియేటర్లు ఈ విషయమై ప్రేక్షకులను ముందే హెచ్చరించాయి.

వీటన్నింటికన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. నేడు ప్రతి చేతిలోనూ ఫోనున్నది, ప్రతి ఫోనులోనూ కెమెరా ఉన్నది. ఒక అన్యాయాన్ని చూసి వణికే చేతులతో సామాన్యుడు తీసిన దృశ్యం సాక్ష్యంగా నిలుస్తుంది. ఆ వణుకునే అరువు తెచ్చుకొని కల్పితాన్ని నిజమని నమ్మించడమూ అంతే సులభం. అదిరే ప్రతి దృశ్యాన్నీ నిజమని నమ్మే అలవాటు సినిమా హాలులో మొదలై వీధిలోకి వస్తే, దాని నష్టం వినోదంతో ఆగదు.

కనుక చేతి కెమెరాను నిషేధించనక్కరలేదు; దానిని ప్రశ్నించాలి. సినిమా తీసే యువకుడు ‘ఇక్కడ వణుకుతున్నది ఎవరు?’ అని తనను తాను ప్రశ్నించుకోవాలి. పాత్ర వణికితే కెమెరా వణకవచ్చు. ఎవరూ వణకనప్పుడు కెమెరా నిలకడగా ఉండాలి. చూసేవారు కూడా ఈ ప్రశ్న వేయడం నేర్చుకుంటే మంచి చిత్రాలు పెరుగుతాయి, మోసపోవడం తగ్గుతుంది.