కళాశాల పరువూ, విద్యార్థినుల ఫిర్యాదూ

2024 ఆగస్టు 29 రాత్రి గుడ్లవల్లేరు ఇంజనీరింగు కళాశాలలో విద్యార్థినులు వందల సంఖ్యలో హాస్టలు వదిలి బయటికి వచ్చారు. తెల్లవారుజాముదాకా న్యాయం కావాలని నినాదాలు చేశారు. స్నానాలగదుల్లో రహస్యంగా కెమెరాలు పెట్టారని వారి ఆరోపణ. మరునాడు ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించారు. మంత్రీ, కలెక్టరూ, ఎస్పీ కదిలివచ్చారు. పోలీసులు కొందరు విద్యార్థులను ప్రశ్నించారు, ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ పరీక్షకు తీసుకున్నారు. హాస్టలంతా వెతికామనీ, కెమెరాలేవీ దొరకలేదనీ ప్రకటించారు.

ఆ ప్రకటన వినగానే మన పెద్దమనుషులు చాలామంది తేలిగ్గా వూపిరి పీల్చుకున్నారు. "చూశారా! వట్టి పుకారు. పిల్లలు తొందరపడి కళాశాల పరువు బజారున పెట్టారు" అన్నారు. నాతో ఆ మాట అన్నవారిలో అధ్యాపకులున్నారు, అభ్యుదయవాదులున్నారు. వారికి సమాధానం చెప్పడానికే యీ వ్యాసం.

పోలీసుల మాటను నేను కాదనడం లేదు. కెమెరా దొరకలేదంటే మంచిదే. నా ప్రశ్న వేరు. వొక ఆడపిల్లకు అలాంటి భయం కలిగిన మొదటి గంటలో ఆమె యెవరి గుమ్మం తొక్కాలి? ఆ గుమ్మంలో తన మాట వింటారనీ, తన పేరు బయటపెట్టరనీ, దోషి యెంతటివాడైనా విచారిస్తారనీ ఆమెకు నమ్మకం వున్నదా? ఆ నమ్మకమే వుంటే పుకారైనా నిజమైనా అక్కడే తేలిపోయేది. అది లేనిచోట పుకారుకూ నిజానికీ వొకటే దారి మిగులుతుంది, అది రోడ్డు. ఆ రాత్రి ఆ పిల్లలు రోడ్డునే తమ విచారణ సంఘంగా చేసుకున్నారు. తప్పు వారిదా?

గుడ్లవల్లేరును వేలెత్తి చూపి చేతులు దులుపుకోవడం నా వుద్దేశం కాదు. బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో యే కళాశాల గేటుదగ్గరైనా నిలబడి విద్యార్థినులను అడగండి: "మీ కళాశాలలో ఫిర్యాదుల కమిటీలో యెవరెవరున్నారమ్మా?" నేను అడిగాను. చాలామంది నవ్వారు. వొకమ్మాయి, "నోటీసుబోర్డుమీద ఏదో కాగితం వుంది సార్, అద్దం వెనకాల" అన్నది. అద్దం వెనకాల! మన చట్టాల గతంతా ఆ రెండు మాటల్లోనే వున్నది.

ఆ కాగితం వెనక పెద్ద చరిత్ర వున్నది. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన భన్వరీదేవి అనే గ్రామసేవిక మీద 1992లో సామూహిక అత్యాచారం జరిగింది. ఆ ఘటన దరిమిలా మహిళాసంఘాలు వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1997 ఆగస్టు 13న విశాఖ తీర్పు చెప్పింది. పదహారేళ్ళ తరువాత, 2013లో, పార్లమెంటు చట్టం చేసింది. విశ్వవిద్యాలయాలకూ కళాశాలలకూ యూజీసీ ప్రత్యేక నిబంధనలు రాసి 2016లో గెజెటులో ప్రకటించింది. అయినా 2024 డిసెంబరు 3న సుప్రీంకోర్టు మళ్ళీ కలగజేసుకుని, జిల్లా అధికారులను నియమించండి, స్థానిక కమిటీలు వెయ్యండి అని రాష్ట్రాలకు గడువులు పెట్టవలసి వచ్చింది. చట్టం వచ్చిన పదకొండేళ్ళకు! యింతకూ కమిటీ వెయ్యని యాజమాన్యానికి చట్టం విధించే జరిమానా 50,000 రూపాయలు. వొకరిద్దరు ఇంజనీరింగు విద్యార్థుల యేడాది ఫీజు!

ఆ నిబంధనల్లో యేమున్నదో మన అధ్యాపకులు చదవాలి. కమిటీకి అధ్యక్షురాలు సీనియరు అధ్యాపకురాలై వుండాలి. సభ్యుల్లో సగానికి తక్కువకాకుండా స్త్రీలుండాలి. బయటి సంస్థనుంచి వొక సభ్యురాలో సభ్యుడో వుండాలి. రిజిస్ట్రారు, డీను, శాఖాధిపతి వంటి అధికారంలో వున్నవారు యెవరూ వుండకూడదు. వ్యవహారం విద్యార్థులకు సంబంధించినదైతే ముగ్గురు విద్యార్థులు సభ్యులుగా వుండాలి. వారిని యెవరో నామినేటు చేస్తే చెల్లదు, ప్రజాస్వామికంగా యెన్నుకోవాలి. 90 రోజుల్లో విచారణ ముగియాలి. విచారణ నడిచేటప్పుడు, యెవరిమీద ఫిర్యాదు వచ్చిందో అతను ఆ అమ్మాయి పేపరు దిద్దకుండా ఆపే అధికారం వున్నది. ఆమె పోలీసులదగ్గరికి వెళ్ళదలచుకుంటే కళాశాల సహాయం చెయ్యాలి.

యెన్నుకోవాలన్న ఆ వొక్క మాటే యాజమాన్యాలకు కంటగింపు. మన రాష్ట్రంలో విద్యార్థిసంఘ యెన్నికలు లేక దశాబ్దాలు గడిచాయి. ముగ్గురు విద్యార్థులను యెన్నుకోనిస్తే రేపు మెస్సు బిల్లు గురించీ, ఫీజు గురించీ అడగడానికి కూడా యెన్నుకుంటారు. అందుకే కమిటీ కాగితంమీద వుంటుంది, అద్దం వెనక.

యిక ఆ పెద్దమనుషుల వాదాలు చూద్దాం.

మొదటిది, పరువు. "ముల్లు వచ్చి ఆకుమీద పడ్డా, ఆకు వెళ్ళి ముల్లుమీద పడ్డా ఆకుకే నష్టం" అని తాతల కాలంనుంచి ఆడపిల్లకు బోధిస్తున్నాం. యెన్నాళ్ళు ఆకుకే నీతులు చెబుతాం? ముల్లు సంగతి చూసేదెప్పుడు? ఫిర్యాదును విచారించి తేల్చిన కళాశాలకు పరువు పోదు. తొక్కిపెట్టిన కళాశాలకు పోతుంది, ఆలస్యంగానైనా.

రెండవది, రక్షణ. వొక ఘటన జరిగితే హాస్టలుకు యింకో తాళం వేస్తారు, సాయంత్రం ఆరింటికే గేటు మూస్తారు. ఆడవాళ్ళ భద్రత పేరు చెప్పి హాస్టళ్ళలో మగపిల్లలకు లేని ఆంక్షలు ఆడపిల్లలకు పెట్టరాదని అవే నిబంధనలు స్పష్టంగా అంటున్నాయి. దొంగ బయట తిరుగుతుంటే సొత్తు పోగొట్టుకున్నవాళ్ళను గదిలో పెట్టి తాళం వెయ్యడం యెక్కడి న్యాయం?

మూడవది, అబద్ధపు ఫిర్యాదులు. రుజువు కానంతమాత్రాన ఫిర్యాదు అబద్ధమైపోదని చట్టమే చెబుతున్నది. కావాలని కల్పించినదని విచారణలో తేలితే దానికి చర్య వేరే వున్నది. నిర్దోషికి కూడా రక్షణ ఆ విచారణే, పుకారు కాదు. కాబట్టి అబద్ధాలకు భయపడేవారు అందరికంటే ముందు మంచి కమిటీని కోరాలి.

యిప్పుడు నా సంగతి చెప్పుకోవాలి. చెప్పకపోతే యీ వ్యాసం రాసే అర్హత నాకు లేదు. నేను ముప్ఫైయేళ్ళు యీ జిల్లా కళాశాలల్లో పాఠాలు చెప్పాను. విశాఖ తీర్పుకు ముందు సంగతి. దివిసీమనుంచి రోజూ బస్సులో వచ్చే వొక విద్యార్థిని వొక మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి, "సార్, రికార్డుమీద సంతకం కావాలంటే వొక్కదాన్నే రమ్మంటున్నారు" అన్నది. యెవరో నాకు తెలుసు. అతను మా అధ్యాపక సంఘంలో ముఖ్యుడు, సమ్మెల్లో ముందుండేవాడు. నేను, "పరీక్షలు దగ్గర పడ్డాయమ్మా, యెవరినైనా తోడు తీసుకుని వెళ్ళు" అన్నాను. ఆమె "అలాగే సార్" అని వెళ్ళిపోయింది. సంక్రాంతి సెలవుల తరువాత ఆ బస్సు దిగలేదు. యింట్లో తెలిసి చదువు మాన్పించారని తోటిపిల్లలు చెప్పారు.

అప్పటికే నేను అభ్యుదయ రచయితల సభల్లో స్త్రీ స్వేచ్ఛ గురించి వుపన్యాసాలిచ్చినవాణ్ణి. వుపన్యాసంలో లేని పిరికితనం స్టాఫురూములో వచ్చింది. సంఘం చీలుతుందని భయపడ్డాను. యాజమాన్యం "పరువు" అన్నదాన్నే నేను "ఐక్యత" అన్నాను. రెండింటి ఫలితం వొకటే: వొక అమ్మాయి చదువు ఆగిపోయింది.

అందుచేత మన సంఘాలను అడుగుతున్నాను. ఫిర్యాదు మనవాడిమీద వస్తే యేం చేస్తాం? యేటేటా కాంట్రాక్టు పొడిగింపుకోసం యెదురుచూసే గెస్టు అధ్యాపకురాలూ, హాస్టల్లో వంట చేసే ఆవిడా, గదులు వూడ్చే ఆవిడా ఫిర్యాదు చేస్తే ఆ మర్నాడు వారి వుద్యోగం యెవరు నిలబెడతారు? తాత్కాలిక, రోజుకూలీ వుద్యోగులకూ ఆ చట్టం వర్తిస్తుంది. మన సంఘాల సభ్యత్వ పుస్తకాల్లో మాత్రం వారి పేర్లుండవు.

చెయ్యవలసిన పని పెద్దదేమీ కాదు. ప్రతి కళాశాలలోనూ కమిటీ సభ్యుల పేర్లు తరగతి గదుల్లో, హాస్టలు గోడలమీద తెలుగులో రాయించాలి. విద్యార్థి సభ్యుల యెన్నిక జరిపించమని రాతపూర్వకంగా కోరాలి. మూడు నెలల్లోగా ఫిర్యాదు యివ్వాలనీ, తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చుననీ అందరికీ తెలియాలి. మహిళల సహాయానికి 181, అత్యవసరానికి 112, ఫోన్లలో బొమ్మలతో బెదిరించేవారిమీద ఫిర్యాదుకు 1930 అని ప్రతి అమ్మాయికీ కంఠతా రావాలి. పద్ధెనిమిదేళ్ళు నిండని ఇంటర్మీడియట్ విద్యార్థిని విషయంలో 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుందనీ, తెలిసీ పోలీసులకు చెప్పకపోవడమే నేరమనీ ప్రతి అధ్యాపకుడూ గుర్తుంచుకోవాలి. అన్నిటికంటే ముందు, వొక అమ్మాయి వచ్చి "సార్" అని ఆగిపోయినప్పుడు పరీక్షల మాట యెత్తకుండా కుర్చీ చూపించి కూర్చోమనడం నేర్చుకోవాలి.

నాగాయలంకనుంచో కోడూరునుంచో తెల్లవారకముందే బస్సెక్కి బందరు వచ్చే పిల్లకు ఆ బస్సే సగం స్వాతంత్ర్యం. మిగతా సగం మన కళాశాల లోపల దొరకాలి. దొరకనంతకాలం గుడ్లవల్లేరు రాత్రిలాంటి రాత్రులు మళ్ళీ వస్తాయి. అప్పుడు మనం పెద్దమనుషుల పక్కన వుంటామా, ఆ పిల్లల పక్కన కూర్చుంటామా అన్నది యిప్పుడే తేల్చుకోవాలి. వొకసారి తేల్చుకోలేకపోయినవాణ్ణి కాబట్టి అడుగుతున్నాను.